గుమ్మానికి అంటించిన మార్కులు

2020 అక్టోబరు. కరోనా దెబ్బకి మాన్‌హాటన్‌ ఆఫీసులు ఇంకా బోసిగానే ఉన్నాయి. లిఫ్టుల దగ్గర క్యూలు లేవు. లాబీల్లో సెక్యూరిటీ గార్డు తప్ప పలకరించే దిక్కు లేదు. సరిగ్గా ఆ నెలలోనే నగరంలోని పెద్ద భవనాల గుమ్మాల దగ్గర ఒక కొత్త కాగితం వెలిసింది. సైజు మామూలు ప్రింటరు కాగితమంతే. మీద పెద్దగా ఒక ఇంగ్లిషు అక్షరం: ఏ, బీ, సీ, డీల్లో ఏదో ఒకటి. దాంతోపాటు వందకి ఎన్ని మార్కులొచ్చాయో ఆ అంకె, భవనం చిరునామా. పాలరాతి లాబీ ఎన్ని కోట్లదైనా సరే, ఆ కాగితాన్ని నలుగురికీ కనపడే చోట అంటించాల్సిందే. అంటించకపోతే 1,250 డాలర్ల జరిమానా.

కరెంటు, గ్యాసు, ఆవిరి, చమురు... ఏడాది పొడవునా ఆ భవనం ఎంత ఇంధనం తాగిందో, తనలాంటి మిగతా భవనాలతో పోలిస్తే అది ఎక్కువో తక్కువో చెప్పే ప్రోగ్రెస్‌ కార్డది. 85, ఆపైన వస్తే ఏ. 70 నుంచి బీ. 55 నుంచి సీ. అంతకు తగ్గితే డీ. అసలు లెక్కలే ఇవ్వని భవనానికి ఎఫ్‌.

న్యూయార్కు జనానికి గుమ్మం మీది అక్షరాలు కొత్తేమీ కాదు. 2010 నుంచీ అక్కడి రెస్టారెంట్లు వంటింటి శుభ్రతకి వచ్చిన గ్రేడును కిటికీకి తగిలించుకుంటున్నాయి. సీ అని కనపడితే ఆకలి మీదున్నవాడు కూడా పక్క హోటల్‌ వైపు చూస్తాడు. భవనాలకీ అదే మంత్రం పారుతుందని నగర పాలకుల ఆశ. కాకపోతే ఒక తేడా ఉంది. వంటింట్లో బొద్దింక కంటికి కనపడుతుంది. నలభై అంతస్తుల్లో ఏ మూల ఎంత కరెంటు వృథా అవుతోందో ఎవరికి కనపడుతుంది? దాన్ని ఒక అంకెగా మార్చి గుమ్మం దాకా తీసుకురావడానికి ఆ నగరానికి పదేళ్లకు పైగా పట్టింది.

రెండు శాతం భవనాలు, సగం బిల్లు

మహానగరం అనగానే పొగంతా కార్లదేననుకుంటాం. న్యూయార్కులో అలా కాదు. ఆ నగరం వదిలే గ్రీన్‌హౌస్‌ వాయువుల్లో సుమారు మూడింట రెండు వంతులు భవనాలవే. జనం సబ్‌వే ఎక్కి తిరిగే ఊరు కాబట్టి బండ్ల వాటా తక్కువ. చలికాలం గదులు వేడెక్కించడానికీ, ఎండాకాలం చల్లబరచడానికీ, స్నానాలకి నీళ్లు కాచడానికీ, దీపాలకీ, లిఫ్టులకీ అయ్యేదే ఎక్కువ. మేయర్‌ మైకేల్‌ బ్లూమ్‌బర్గ్‌ హయాంలో ఈ లెక్క తీస్తుంటే ఇంకో సంగతి తేలింది. 50 వేల చదరపు అడుగులు దాటిన భవనాలు సంఖ్యకి చూస్తే ఊరు మొత్తంలో రెండు శాతం ఉంటాయేమో. ఇంధనంలో మాత్రం వాటి వాటా దాదాపు 45 శాతం. అంటే లక్షల ఇళ్ల తలుపులు తట్టక్కర్లేదు. కొన్ని వేల మంది యజమానులను కూర్చోబెట్టి మాట్లాడితే సగం ఊరితో మాట్లాడినట్టే.

2009 డిసెంబరులో నగర కౌన్సిల్‌ ఒకేసారి నాలుగు చట్టాలు తెచ్చింది. అందులో మొదటిది లోకల్‌ లా 84. ప్రతి పెద్ద భవనం యజమానీ ఏటా మే 1 లోగా క్రితం ఏడాది వాడకం లెక్కలను నగరానికి అప్పజెప్పాలి, నగరం వాటిని అందరి ముందూ పెట్టాలి. మిగతా వాటిలో పదేళ్లకోసారి ఇంధన ఆడిట్‌ చేయించాలన్నది ఒకటి, ఆఫీసుల్లో దీపాలు మార్చి పెద్ద అద్దెదారులకి విడి మీటర్లు పెట్టాలన్నది ఇంకొకటి. మొదటి చట్టం చూడ్డానికి అన్నిటికన్నా సాధువు. తగ్గించమనదు, మార్చమనదు. చెప్పమంటుంది, అంతే. యజమానుల గుండెల్లో రాయి పడింది మాత్రం దానివల్లే.

లెక్క వేసే యంత్రం నగరానిది కాదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నడిపే ఎనర్జీ స్టార్‌ పథకంలో పోర్ట్‌ఫోలియో మేనేజర్‌ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఉంది. భవనం విస్తీర్ణమెంత, వారానికి ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది, ఎంతమంది పనిచేస్తారు, కంప్యూటర్లెన్ని అన్నవి అందులో నింపి, పన్నెండు నెలల బిల్లులు ఎక్కిస్తే, ఆ ఊరి ఎండా చలీ కూడా లెక్కలోకి తీసుకుని ఒకటి నుంచి వంద లోపు ఒక స్కోరు ఇస్తుంది. ఎంసెట్‌ రాసినవాళ్లకి ఈ స్కోరు చప్పున అర్థమవుతుంది. మనకెన్ని మార్కులొచ్చాయన్నది కాదు, ఎంతమందిని దాటామన్నదే లెక్క. 75 వచ్చిందంటే దేశంలో అలాంటి భవనాల్లో ముప్పాతిక వంతు దానికన్నా ఎక్కువ ఖర్చు పెడుతున్నాయని. ఎనర్జీ స్టార్‌ బిళ్ల దక్కే గీత కూడా అదే.

50 అంటే దేశం మొత్తమ్మీద సరిగ్గా నడిమధ్య. ఆ నడిమధ్య భవనాన్ని తీసుకొచ్చి న్యూయార్కులో నిలబెడితే దాని గుమ్మానికి డీ అంటిస్తారు! 2018లో గ్రేడ్ల చట్టం చేసినప్పుడు బీ, సీ గీతలు ఇంత ఎత్తున లేవు. 50 దాటితే బీ ఇచ్చేసేవారే. మరుసటి ఏడాది, ఒక్క కాగితమైనా గోడకెక్కకముందే, కౌన్సిల్‌ ఆ గీతలు పైకి జరిపింది. పరీక్షకి ముందు పాస్‌ మార్కులు పెంచారని భవనాల వాళ్లు గోల పెట్టారంటే పెట్టరా మరి.

మూడు మార్కుల కళాఖండం

గ్రేడ్ల కాగితాలకి ఎనిమిదేళ్ల ముందే, 2012లో, ఆఫీసు భవనాల స్కోర్లు మొదటిసారి బయటికొచ్చాయి. ఆ జాబితా చదివినవాళ్లకి కళ్లు తిరిగాయి.

2006లో తెరుచుకున్న సెవెన్‌ వరల్డ్‌ ట్రేడ్‌ సెంటర్‌ అప్పటికి ఊళ్లో పచ్చదనానికి పెట్టింది పేరు, హరిత భవనాలకిచ్చే లీడ్‌ గోల్డ్‌ గుర్తింపు ఉన్న భవనం. దానికి 74 వచ్చాయి. ఎనర్జీ స్టార్‌కి ఒక్క మార్కు తక్కువ. 1930లో కట్టిన క్రిస్లర్‌ భవనానికి 84. దాని తర్వాతి ఏడాది లేచిన ఎంపైర్‌ స్టేట్‌కి 80. గ్రాండ్‌ సెంట్రల్‌ స్టేషన్‌ నెత్తిన నిలబడ్డ మెట్‌లైఫ్‌ భవనానికి 39. పార్క్‌ అవెన్యూ మీద గాజు భవనాలకి ఒజ్జబంతి లాంటి లెవర్‌ హౌస్‌కి 20. దాని ఎదురుగా కాస్త పక్కన ఉండే సీగ్రమ్‌ భవనానికి మూడు.

ముప్పై కాదు, మూడు.

సీగ్రమ్‌ అంటే ఆర్కిటెక్చర్‌ విద్యార్థులకి గుడితో సమానం. మీస్‌ వాన్‌ డెర్‌ రో గీసిన 38 అంతస్తుల కట్టడం, 1958లో పూర్తయింది. బయట కంచు కమ్మీలు, నేల నుంచి పైకప్పు దాకా గాజు. ప్రపంచంలో ఏ ఊరి గాజు ఆఫీసు ముందు నిలబడినా, మాదాపూర్‌లోవి సహా, దాని ముత్తాత పేరు అడిగితే పార్క్‌ అవెన్యూ వైపే చూపించాలి. రాత్రిళ్లు భవనం మొత్తం లాంతరులా వెలగాలని కిటికీల వెంబడి పైకప్పులో దీపాల పలకలు పెట్టించారు. కట్టేనాటికి కరెంటు చవక, చమురు చవక. అప్పటి గాజు ఎండనీ ఆపలేదు, మంచునీ ఆపలేదు. లోపలికొచ్చిన వేడిని బయటికి తోలడానికి యంత్రాలు, బయటికి పోయిన వేడిని లోపలికి తేవడానికి ఇంకో యంత్రాలు. అందానికి బిల్లు ఎంతయిందో యాభై ఏళ్లు ఎవరూ వీధిలో చదివి వినిపించలేదు.

పాతవాటికి మార్కులెలా వచ్చాయి? వాటికి దళసరి రాతి గోడలు, ఆ గోడల్లో చిన్న చిన్న కిటికీలు. పెంకుటింట్లో మధ్యాహ్నం కునుకు తీసినవాళ్లకి ఈ శాస్త్రం చెప్పక్కర్లేదు. అయినా పాత గోడలకే మొత్తం మెప్పు ఇచ్చేస్తే అన్యాయం. ఎంపైర్‌ స్టేట్‌ 80 తెచ్చుకోవడం వెనక పెద్ద చాకిరీ ఉంది.

ఐదో అంతస్తులో కిటికీల కార్ఖానా

2009లో యజమాని ఆంథొనీ మాల్కిన్‌ భవనాన్ని పైనుంచి కింది దాకా బాగుచేయించడానికి పూనుకున్నారు. జాన్సన్‌ కంట్రోల్స్‌, జోన్స్‌ లాంగ్‌ లాసాల్‌, రాకీ మౌంటెన్‌ ఇన్‌స్టిట్యూట్‌, క్లింటన్‌ ఫౌండేషన్‌ వాతావరణ విభాగం కలిసి కూర్చుని ఏ మరమ్మతుకి ఎంత మిగులుతుందో లెక్క కట్టాయి. 102 అంతస్తులకీ కలిపి కిటికీలు 6,514. మామూలుగా అయితే పాతవి పీకి పారేసి కొత్తవి తెస్తారు. ఇక్కడ అలా చెయ్యలేదు. భవనంలోనే ఐదో అంతస్తులో ఒక చిన్న కార్ఖానా తెరిచారు. రాత్రిపూట కిటికీ గాజులు ఊడదీసి కిందికి తేవడం, కడిగి ఆరబెట్టడం, రెండు గాజుల మధ్య వేడిని వెనక్కి కొట్టే పల్చని పొర బిగించడం, ఆ ఖాళీలో గాలికి బదులు ఆర్గాన్‌, క్రిప్టాన్‌ లాంటి జడవాయువు నింపడం, తెల్లారేలోగా పైకి తీసుకెళ్లి మళ్లీ బిగించడం. పాత గాజులో 96 శాతం తిరిగి అక్కడికే చేరింది. లారీకెక్కి చెత్తకుప్పకి పోయింది చాలా తక్కువ.

కిటికీల కింద ఆవిరితో వేడెక్కే రేడియేటర్లు ఉంటాయి. వాటి వీపు బయటి గోడకి ఆనుకుని ఉండడంతో వేడిలో కొంత వీధి పాలయ్యేది. ఒక్కో రేడియేటరు వెనకా వేడిని గదిలోకి తిప్పికొట్టే రేకులాంటి అడ్డు పెట్టారు. వేలకొద్దీ పెట్టారు. గొప్ప టెక్నాలజీ ఏం కాదు, మన ఇళ్లలో గ్యాసు పొయ్యికి గాలి తగలకుండా పెట్టే రేకుకి అన్నయ్య. అసలు మేలు ఆ తర్వాత తెలిసింది. కిటికీలూ రేకులూ వేడిని అడ్డుకోవడంతో భవనానికి కావలసిన చల్లదనమే తగ్గిపోయింది. నీళ్లు చల్లబరిచే పెద్ద యంత్రాలు, అంటే చిల్లర్లు, కొనాలనుకున్నవాళ్లు ఉన్నవాటి పొట్ట విప్పి బాగుచేసుకుంటే సరిపోయింది. అలా కోటి డాలర్లకు పైగా కొత్త యంత్రాల ఖర్చు తప్పింది. అన్నీ కలిపి ఇంధనం 38 శాతం, ఏటా బిల్లు సుమారు 44 లక్షల డాలర్లు తగ్గేలా వేసిన ప్రణాళిక ఇది. పని ఏ వరసలో చెయ్యాలన్నది ఇక్కడ కీలకం. ముందు చిల్లర్లు కొనేసి తర్వాత కిటికీలు బాగుచేసి ఉంటే ఆ డబ్బు నీళ్లపాలే. ఇలా తలకిందుల వరసలో డబ్బు తగలేసే భవనాలు మన దగ్గరా లేకపోలేదు.

ప్లాటినం బిళ్లకి వచ్చిన తంటా

అంకెలు బయటపడ్డాక తగువులు రాకుండా ఉంటాయా? అన్నిటికన్నా రచ్చకెక్కింది బ్రయంట్‌ పార్కు ఎదుట 55 అంతస్తుల బ్యాంక్‌ ఆఫ్‌ అమెరికా టవర్‌ది. 2010లో లీడ్‌ ప్లాటినం అందుకుంది. ఆకాశహర్మ్యాల్లో ఆ గౌరవం దక్కిన మొదటిది అదే. సొంతంగా కరెంటు తయారుచేసుకునే దాదాపు ఐదు మెగావాట్ల గ్యాసు ప్లాంటు, రాత్రి చవక కరెంటుతో ఐసు గడ్డ కట్టించి పగలు చల్లదనానికి వాడుకునే ట్యాంకులు, వాననీటి నిల్వ... లేనిదంటూ లేదు. 2013లో ద న్యూ రిపబ్లిక్‌ పత్రిక నగరం బయటపెట్టిన లెక్కలే ముందేసుకుని ఒక కథనం రాసింది. చదరపు అడుక్కి చూస్తే మాన్‌హాటన్‌లో ఆ సైజు ఆఫీసు భవనాలన్నిట్లోకీ ఎక్కువ ఇంధనం తాగేది ఇదేననీ, ఎనభై ఏళ్ల ఎంపైర్‌ స్టేట్‌కి రెట్టింపు పైగా వాడుతోందనీ దాని సారాంశం.

యజమానుల సమాధానంలోనూ పస ఉంది. మా అద్దెదారు బ్యాంకు, లోపల ట్రేడింగ్‌ హాళ్లున్నాయి, ఒక్కో బల్ల మీద ఐదారు తెరలు పగలూ రాత్రీ వెలుగుతుంటాయి, సర్వర్ల గదులు క్షణం ఆగవు, రాత్రి ఏడింటికి తలుపులేసుకునే వకీళ్ల ఆఫీసుతో మమ్మల్ని పోలుస్తారా అన్నారు. రెండో మాట ఇంకా లోతైనది. కరెంటు కొనుక్కునే భవనానికి మీటరు చూపించేది ఆఖరి యూనిట్లనే. ఆ యూనిట్లు తయారవడానికి ఎక్కడో పవర్‌ స్టేషన్‌లో గ్యాసు మండి, అందులో సగానికి పైగా వేడి గాలిలో కలిసిపోయిన సంగతి దాని మీటరుకి తెలియదు. గ్యాసు ప్లాంటు సెల్లారులోనే పెట్టుకున్నవాడికి మాత్రం ఆ నష్టం కూడా సొంత ఖాతాలో పడుతుంది. వండుకు తినేవాడి ఇంట్లో పొగ లెక్కపెట్టి, హోటల్‌ నుంచి తెప్పించుకునేవాడి ఇల్లు శుభ్రంగా ఉందన్నట్టు. అందుకే ఎనర్జీ స్టార్‌ స్కోరు మీటరు దగ్గరి లెక్కతో ఆగదు, పవర్‌ స్టేషన్‌ దాకా వెనక్కి వెళ్లి మూలంలో ఎంత మండిందో లెక్క కడుతుంది.

ఇంతకీ ఎవరిది తప్పు? భవనం గోడలదా, లోపల కూర్చున్న వ్యాపారానిదా? డిజైను చూసి ఇచ్చిన ప్లాటినానికీ మీటరు చూసి వేసిన మార్కులకీ మధ్య ఈ ప్రశ్న ఇప్పటికీ నలుగుతూనే ఉంది. ఆస్ట్రేలియావాళ్లు దీనికొక తెలివైన ఉపాయం కనిపెట్టారు. అక్కడి నాబర్స్‌ స్టార్ల పద్ధతిలో లిఫ్టులు, లాబీ, సెంట్రల్‌ ఏసీ లాంటి యజమాని వాటాకి ఒక రేటింగ్‌, అద్దెదారు దీపాలకీ కంప్యూటర్లకీ ఇంకో రేటింగ్‌. 2010 నుంచి 2,000 చదరపు మీటర్లు దాటిన ఆఫీసు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా ప్రకటనలో స్టార్లు వెయ్యడం తప్పనిసరి. 2017లో ఆ పరిమితిని 1,000కి దించారు. ప్రభుత్వ శాఖలే నాలుగున్నర స్టార్లుంటే తప్ప పెద్ద ఆఫీసులు అద్దెకి తీసుకోమనేసరికి యజమానులు దారికొచ్చారు. పర్యావరణం మీద ప్రేమ కన్నా ఖాళీ అంతస్తు భయం గట్టిది.

మళ్లీ న్యూయార్కుకొస్తే, ఈ మార్కుల వెనక గుమస్తా పని చెప్పుకోదగ్గది. సబ్‌మీటర్లు లేని రోజుల్లో యజమాని చేతిలో ఉండేది కారిడార్ల బిల్లు. వందమంది అద్దెదారుల బిల్లులు వాళ్ల వాళ్ల డ్రాయర్లలో. ఒక్కొక్కర్నీ బతిమాలి ఫారాలు నింపించుకునేవారు. తర్వాత కరెంటు కంపెనీయే పేర్లు లేకుండా భవనం మొత్తానికి కలిపి అంకె ఇవ్వడం మొదలుపెట్టాక కాస్త ఊపిరాడింది. విస్తీర్ణం దగ్గర ఇంకో తికమక. అద్దె కోసం చెప్పే చదరపు అడుగులు వేరు, టేపు పెట్టి కొలిస్తే వచ్చేవి వేరు. హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్న ఏ తెలుగువాడికైనా సూపర్‌ బిల్టప్‌ అన్న మాట గుర్తొచ్చి నవ్వొస్తుంది. భాగించే అంకె తప్పయితే వచ్చే మార్కూ తప్పే.

ఆవిరి సంగతి అదో కథ. మాన్‌హాటన్‌ వీధుల కింద 1882 నుంచీ ఆవిరి పైపులున్నాయి. సినిమాల్లో మ్యాన్‌హోళ్లలోంచి తెల్లగా లేచే పొగ దాని పుణ్యమే. పాత అపార్టుమెంట్లలో ఆవిరి వేడికి బొత్తాం ఉండదు. కింద బాయిలరు వెలిగితే పైన గదులన్నీ ఉడికిపోతాయి. జనవరిలో, బయట మంచు కురుస్తుంటే, జనం కిటికీలు బార్లా తెరుచుకుని బనీన్లతో కూర్చుంటారు. వేడి డబ్బు అద్దెలో కలిసే ఉంటుంది కాబట్టి ఎవరికీ నొప్పి తెలియదు. ఏడాది చివర భవనం స్కోరులో అది తేలుతుంది.

చెప్పడం నుంచి చెల్లించడం దాకా

దాదాపు పదేళ్లు లెక్కలు పోగయ్యాక నగరం గొంతు మారింది. 2019 ఏప్రిల్‌లో వచ్చిన లోకల్‌ లా 97 ఇక అడగడం మానేసి హద్దు గీసింది. 25 వేల చదరపు అడుగులు దాటిన చాలా భవనాలకి కర్బన ఉద్గారాలకి ఒక గరిష్ఠ పరిమితి. దాని కిందికి దాదాపు 50 వేల కట్టడాలొస్తాయి. 2024 వాడకంతో లెక్క మొదలు, 2030లో పరిమితి మరింత బిగుస్తుంది. హద్దు దాటిన ప్రతి టన్నుకీ ఏటా 268 డాలర్లు. వెయ్యి టన్నులు ఎక్కువైతే 2 లక్షల 68 వేల డాలర్లన్నమాట. పేరుకుపోయిన ఆ పాత అంకెలే లేకపోతే ఏ భవనానికి ఏ హద్దు న్యాయమో గీసే ఆధారమే ఉండేది కాదు.

దెబ్బ తగిలింది గాజు టవర్లకే అనుకుంటే పొరపాటు. ఫ్లషింగ్‌ గణపతి గుడి వల్ల మనవాళ్లకి బాగా తెలిసిన క్వీన్స్‌లో, తూర్పు కొసన గ్లెన్‌ ఓక్స్‌ విలేజ్‌ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కట్టిన ఎత్తు తక్కువ ఇటుక ఇళ్ల సముదాయం. మధ్యతరగతి కుటుంబాలు సహకార సంఘంగా నడుపుకుంటున్నాయి. ఒకే స్థలంలో ఉన్న భవనాల విస్తీర్ణం కలిపి చూస్తారు కాబట్టి చిన్న ఇళ్లయినా పెద్ద భవనం కిందే లెక్కకొచ్చాయి. బాయిలర్లన్నీ మార్చాలంటే మావల్ల కాదంటూ 2022లో వాళ్లు కోర్టుకెక్కారు. రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2025 మేలో తీర్పు చెప్పింది. రాష్ట్ర వాతావరణ చట్టం ఉన్నంత మాత్రాన నగర చట్టం చెల్లకుండా పోదని.

అదే మే నెలలో ఇంకో కలవరం. ఎనర్జీ స్టార్‌ పథకాన్నే ఎత్తేసే ఆలోచనలో అమెరికా ప్రభుత్వం ఉందని వార్తలొచ్చాయి. న్యూయార్కు ఒక్కటే కాదు, వాషింగ్టన్‌, సియాటెల్‌, బోస్టన్‌, షికాగో... ఇలాంటి చట్టాలున్న నగరాలన్నీ లెక్కలు రాసుకునేది ఆ ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనే. ఊరందరి పద్దులూ ఒకే కరణం దగ్గరుంటే ఏమవుతుందో వాళ్లకి అప్పుడు తట్టింది.

పోచారంలో కవలలు

ఇక మన ముంగిలికొద్దాం. అమెరికా బయట లీడ్‌ ప్లాటినం అందుకున్న తొలి భవనం ఎక్కడుందో చాలామంది హైదరాబాదీలకే తెలియదు. అది హైటెక్‌ సిటీ దగ్గర కొత్తగూడలోని సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్‌ గ్రీన్‌ బిజినెస్‌ సెంటర్‌. కరణ్‌ గ్రోవర్‌ డిజైన్‌ చేశారు. నడిమి ముంగిలి, గాలిని చల్లబరిచి లోపలికి పంపే గోపురాలు, మిద్దె మీద పచ్చిక. 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్‌ కలాం ప్రారంభించారు.

దానికన్నా మీటర్ల మనుషులకి ఎక్కువ ఇష్టమైన కట్టడం నగరానికి అటు చివర, పోచారం ఇన్ఫోసిస్‌ క్యాంపస్‌లో ఉంది. ఒకే భవనం, రెండు రెక్కలు. విస్తీర్ణం, గాజు, దీపాలు, కూర్చునేవాళ్ల సంఖ్య అన్నీ సమానం. ఒక రెక్కకి మామూలు ఆఫీసుల్లో ఉండే చల్లగాలి ఏసీ. రెండో రెక్కలో శ్లాబు కాంక్రీటులోనే పైపులు పరిచి వాటిలో చల్లని నీళ్లు తిప్పుతారు. శ్లాబే గదిలోని వేడిని లాగేసుకుంటుంది. బయటి గాలి తాజాదనానికి మాత్రమే. దేనికి దానికి వేరే చిల్లరు, వేరే మీటర్లు. రెండేళ్లు పక్కపక్కనే రాసిన రీడింగుల్లో నీటి పైపుల రెక్క చల్లదనానికి దాదాపు మూడో వంతు కరెంటు తక్కువ వాడిందని తేలింది. కట్టుబడి ఖర్చూ ఎక్కువేం కాలేదు. ఏది మంచిదని సెమినార్లలో వాదించుకునే బదులు ఒక కంపెనీ రెండూ కట్టి మీటరు చూసింది. ఈ వ్యాసంలో చెప్పుకున్న కట్టడాలన్నిట్లోనూ ఇంత నిజాయితీగా పరీక్షకి కూర్చున్నది ఇంకొకటి లేదు.

చట్టాలు మనకీ ఉన్నాయి. 2001 ఇంధన పొదుపు చట్టం, దాని కింద పుట్టిన ఇంధన పొదుపు సంస్థ బీఈఈ, 2007లో వచ్చిన భవనాల కోడ్‌ ఈసీబీసీ. 2014లో ఉమ్మడి రాష్ట్రంలోనే ఆ కోడ్‌ని భవన నిబంధనల్లో చేర్చారు. 2023లో తెలంగాణ చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. కాకపోతే కోడ్‌ చూసేది ప్లాను కాగితాలనే. భవనం లేచి, జనం నిండి, ఏసీలు తిరగడం మొదలయ్యాక నిజంగా ఎన్ని యూనిట్లు కాలుతున్నాయన్నది గుమ్మం మీద రాయమనే నిబంధన ఇక్కడ లేదు. ఫ్రిజ్‌ కొంటే స్టార్లు చూస్తాం, ఏసీ కొంటే స్టార్లు చూస్తాం. ఐదు వందల ఏసీలంత చల్లదనం మింగే భవనాన్ని అద్దెకి తీసుకునేటప్పుడు మాత్రం పార్కింగ్‌ ఎన్ని కార్లకని అడుగుతాం.

బీఈఈ 2009 నుంచే ఆఫీసు భవనాలకీ స్టార్లు ఇస్తోంది. ఇష్టమైతే తీసుకోవచ్చు, లేకపోతే లేదు. లెక్క మాత్రం న్యూయార్కు కన్నా సులువు: ఏడాది యూనిట్లను చదరపు మీటర్లతో భాగించడమే. జనరేటరు యూనిట్లు కలుస్తాయి, పార్కింగ్‌ సెల్లార్లు కలవవు. హైదరాబాద్‌ వాతావరణంలో, సగానికి పైగా ఏసీ ఉన్న ఆఫీసుకి 190 నుంచి 165 మధ్య వస్తే ఒక స్టారు, 90 లోపుంటే ఐదు. 20 వేల చదరపు మీటర్ల భవనం ఏడాదికి 30 లక్షల యూనిట్లు వాడిందనుకోండి. 150 వచ్చింది, రెండు స్టార్లు. ఐదు కావాలంటే 18 లక్షలకి దిగాలి. విశాఖ, విజయవాడల్లో ఉక్క ఎక్కువ కాబట్టి ప్రతి మెట్టుకీ పది యూనిట్ల వెసులుబాటు.

ఈ భాగహారానికి కావలసిన అంకెల కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మాదాపూర్‌, గచ్చిబౌలిలో ఏ పెద్ద ఆఫీసు సెల్లారులోకి దిగినా, డీజిల్‌ జనరేటర్ల హోరు దాటి ప్యానెల్‌ రూమ్‌ తలుపు తీస్తే, లోపల ఒక బల్ల, బల్ల మీద గీతల లాగ్‌బుక్‌ ఉంటుంది. షిఫ్టులో ఉన్న ఎలక్ట్రీషియన్‌ గంటగంటకీ లేచి మీటరు చూసి రాస్తాడు: వోల్టేజీ, ఆంప్స్‌, యూనిట్లు, పవర్‌ ఫ్యాక్టర్‌. పక్క గదిలో చిల్లర్‌ ఆపరేటరు దగ్గర ఇంకో పుస్తకం, నీళ్లు ఎంత చల్లగా వెళ్లి ఎంత వేడెక్కి వచ్చాయో అందులో. అర్ధరాత్రి రెండింటికి, పై అంతస్తుల్లో ఎవరూ లేనప్పుడు, యూనిట్లు తగ్గాయో లేదో కూడా ఆ గళ్లలో ఉంటుంది. నెల తిరిగేసరికి ఫెసిలిటీ మేనేజరు సంతకం పడి, పుస్తకం ఇనప బీరువాలో పాతవాటి పక్కన చేరుతుంది. ఎలక్ట్రీషియన్‌ కొత్త పుస్తకం అట్ట మీద స్కెచ్‌ పెన్నుతో నెల పేరు రాసి, మొదటి గడిలో రీడింగ్‌ వేస్తాడు.